చక్కెర గుమ్మం – 14: ఖాళీ కాగితం మీద సంతకం

గుర్తుండే ఉంటుంది మీకు, పోయినవారం సత్యశ్రీని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. ఆమె థీసిస్ చదివిన పరీక్షకుడెవరో, పేరు కూడా తెలియని మనిషి, ఒకే ఒక్క ప్రశ్న రాసి పంపాడు. "ఈ ప్రొటీను చక్కెరను కణంలోకి చేరవేస్తుందని మొట్టమొదట ప్రయోగం చేసి చూపించింది ఎవరు?" దానికి జవాబు వెళ్తేనే వైవా, వైవా అయితేనే డాక్టరేటు. ఏప్రిల్ ముప్పై దాటిందంటే రిజిస్ట్రేషన్ రద్దు, ఏడేళ్ల చదువు గంగలో కలిసినట్టే. తొమ్మిది రోజులు తిండీ తిప్పలూ మాని వెతికిన పిల్ల, పదో రోజు పొద్దున జవాబు పట్టుకుంది. ఆ మొదటి మనిషి మరెవరో కాదు, ఆమె గైడు వెంకటకృష్ణారావు గారే.

ఆ సంతోషంలో ఆమె ఒక్క పూట ఆగలేదు. ఆగి ఉంటే ఈ వారం నాకు రాయడానికి ఏమీ ఉండేది కాదు, ఆమెకు ఏడవడానికీ ఏమీ ఉండేది కాదు.

కొత్తగా ఈ కథలోకి వచ్చినవాళ్ల కోసం ఆ జవాబు సంగతి కాస్త చెప్పాలి. ఉయ్యూరు వైపు పొలాల్లో కొట్టి, బండి దొరక్క నాలుగు రోజులు ఎండలో పడేసిన చెరుకు రసం తీస్తే, అది పులిసి జిగురు పడుతుంది. ఆ రసంలో బతికే ఒక బాక్టీరియాను సత్యశ్రీ పట్టుకుంది. చక్కెర దాని కణంలోకి ఏ గుమ్మంలోంచి పోతుందో కనిపెట్టడమే ఆమె థీసిస్. గుమ్మమంటే ఒక ప్రొటీను. ప్రొటీనంటే ఇరవై అక్షరాలను మార్చి మార్చి రాసిన పొడవాటి వరుస. కొత్త వరుసను తీసుకెళ్లి, ప్రపంచంలో అందరూ కలిసి ఒకచోట దాచుకున్న పాత వరుసల పక్కన పెడతారు. చాలా అక్షరాలు కలిస్తే, పాతది చేసే పనే కొత్తదీ చేస్తుందని అనుకుంటారు. పెళ్లిలో ఎవరో కుర్రాడి మొహం చూసి "నువ్వు ఫలానావాళ్ల మనవడివా" అంటాం చూడండి, అంత పనే.

సత్యశ్రీ ప్రొటీను బ్రెజిల్ వాళ్లు దాచిన ఒక వరుసతో నూటికి అరవై రెండు అక్షరాలు కలిసింది. దాని మీద 'చక్కెర గుమ్మం' అని పేరు రాసుంది. ఆ పేరు వాళ్లకెలా వచ్చిందని చూస్తే, చైనాలో ఒకదాన్ని చూసి పెట్టుకున్నారు. చైనా వాళ్లు థాయ్‌లాండ్ దాన్ని చూసి పెట్టారు. అట్లా ఒకళ్లను చూసి ఒకళ్లు పెట్టుకుంటూ పోయిన పేర్లు ఏడు మెట్లు దిగితే, అట్టడుగున 2005లో విజయవాడ నుంచి చేరిన వరుస. చేర్చినవారు వెంకటకృష్ణారావు. పక్కనే గడిలో 'ప్రయోగం ద్వారా రుజువైంది' అని గుర్తు. ఏడు మెట్లలో ఆ గుర్తున్నది అదొక్కటే.

అంతే. పదకొండు గంటలకల్లా ఆమె జవాబు టైపు చేసి, సార్ లెటర్‌హెడ్ మీద ప్రింటు తీసి, సార్ సంతకం పక్కన తనదీ పెట్టి, రీసెర్చ్ సెక్షన్‌లో సొలొమోను గారి చేతికిచ్చేసింది. ఆయన ఆమె ఎదురుగానే స్కాన్ చేసి పరీక్షకుడికి పంపేశాడు.

మరి సార్ చూడకుండా సార్ లెటర్‌హెడ్ ఎట్లా వెళ్లిందంటారా? అది మన కాలేజీలకు కొత్తా? సార్‌కి పోయిన నెల రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది. సెలవు మీద వెళ్తూ ఆరు ఖాళీ లెటర్‌హెడ్ కాగితాల మీద అడుగున సంతకాలు పెట్టి, "అర్జంటుగా ఏదైనా అవసరమైతే వాడుకోమ్మా, ప్రతిదానికీ నా చుట్టూ తిరక్కు" అని ఆమె చేతిలో పెట్టాడు. మంచి గైడంటే అట్లా ఇస్తాడని స్కాలర్లు ఒకళ్లతో ఒకళ్లు గొప్పగా చెప్పుకుంటారు కూడా. ఇప్పటికి ఐదు అయిపోయాయి.

మధ్యాహ్నం మూడున్నరకి ఆటో దిగి మొగల్రాజపురంలో సార్ ఇంటి గేటు తీసేసరికి సత్యశ్రీ చేతిలో అరకిలో బందరు లడ్డూ ఉంది. ముప్పై ఒక్కేళ్ల మనిషి, చిన్నపిల్లలా మెట్లు రెండేసి ఎక్కింది. సార్ భార్య రాజ్యలక్ష్మి గారు తలుపు తీసింది.

"రామ్మా సత్యా. ఇంత ఎండలో వచ్చావే. సార్ మెలకువగానే ఉన్నార్లే, రేడియో పెట్టుకుని కూర్చున్నారు. కాగితం ముట్టుకోనివ్వట్లేదు నేను. మజ్జిగ తాగుతావా?"

"తాగుతానండీ. ముందు మీరిది తీసుకోండి."

నల్లద్దాలు పెట్టుకుని పడక్కుర్చీలో కూర్చున్న వెంకటకృష్ణారావు గారు రేడియో కట్టేశారు. ఈ నెలాఖరుకి రిటైరవుతున్న మనిషి. సత్యశ్రీకి ఏడేళ్లుగా తెలుసు. కోపం వస్తే అరవడు, గొంతు తగ్గిస్తాడు.

"ఏంటమ్మా, గొంతులో పండగ వినపడుతోంది."

"జవాబు దొరికింది సార్. మీరే సార్."

"నేనేంటి?"

"ఫస్ట్ ప్రూవ్ చేసింది మీరే సార్, 2005లో. బ్రెజిలూ చైనా అన్నీ తిరిగి చివరికి మన ల్యాబుకే వచ్చి ఆగింది. ఇన్నేళ్లలో నాకు ఒక్కసారైనా చెప్పారా సార్? ఇంకొకరైతే గోడకి ఫ్రేము కట్టించుకునేవాళ్లు."

సార్ నల్లద్దాలు సర్దుకున్నారు. సార్‌కి పొగడ్త నచ్చదని ఆమెకు తెలుసు కాబట్టి అది కూడా ముద్దుగానే అనిపించింది. బ్యాగులోంచి నకలు తీసి, ఆయన కళ్లతో చదవలేడని తనే పైకి చదివింది. "ఈ ప్రొటీను చక్కెరను కణంలోకి చేరవేస్తుందని 2005లో మా ప్రయోగశాలలోనే, నా పర్యవేక్షకులు ఆచార్య వెంకటకృష్ణారావు గారు స్వయంగా ప్రయోగం చేసి నిరూపించారు. నా నిర్ధారణలన్నిటికీ ఆ ప్రయోగమే ఆధారం."

"డ్రాఫ్టేగా అది?" అన్నారు సార్. గొంతు తగ్గింది.

"పంపేశాను సార్. పొద్దున్నే. మీ సంతకం ఉన్న లెటర్‌హెడ్ ఉందిగా."

రాజ్యలక్ష్మి గారు మజ్జిగ గ్లాసులు బల్ల మీద పెట్టింది. సార్ ఆవిడతో, "నువ్వు కాసేపు లోపలికి వెళ్లవే," అన్నారు. ముప్పై ఐదేళ్ల కాపురంలో ఆయన అట్లా అన్నది ఎన్నిసార్లో కానీ, ఆవిడ మాత్రం ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా వెళ్లి తలుపు దగ్గరకి వేసుకుంది. అప్పుడు భయం వేసింది సత్యశ్రీకి.

"ఆ ప్రయోగం నేను చెయ్యలేదమ్మా."

"మరి ఎవరు చేశారు సార్?"

"మణికుమార్ అని నా దగ్గర స్కాలర్ ఉండేవాడు. వాడు చేశాడు."

"పోనీ సార్, పేరు మార్చి ఇంకో లెటర్ పంపిద్దాం. ల్యాబు మనదేగా. రిజల్ట్ వచ్చింది కదా?"

"రాలేదు."

ఒక్క మాటతో ఏడేళ్లు కూలిపోతాయని మనం అనుకుంటాం. అట్లా ఏం జరగదు. మొదట అర్థం కాదు. సత్యశ్రీ మజ్జిగ గ్లాసు తీసుకుని సగం తాగింది కూడా.

సార్ చెప్పుకుపోయారు. ఆ వరుస దాచేటప్పుడు ఫారంలో ఒక గడి ఉండేది, ప్రయోగం చేశారా, ఊహేనా అని. అప్పటికి మణికుమార్ పని మొదలుపెట్టాడు. అసలు గుమ్మం లేని బాక్టీరియాలో ఈ ప్రొటీనును తయారుచేసే జన్యువును పెట్టి, చక్కెర తప్ప ఇంకే తిండీ లేని పళ్లెంలో వదలడం. మొలిస్తే ఇది గుమ్మమే. "వారంలో మొలుస్తుందనుకున్నాను. మళ్లీ మార్చే పని లేకుండా ముందే ప్రయోగం అని పెట్టేశాను. అంత నమ్మకం నాకు. వేరే గుమ్మాలతో అక్షరాలు అట్లా కలిసినాయి మరి."

"మొలవలేదా సార్?"

"పదకొండుసార్లు చేశాడు. ఒక్కటీ మొలవలేదు."

"అప్పుడు దిద్దలేదేం సార్?"

"దిద్దుదామనే అనుకున్నాను. అప్పటికే దాన్ని చూసి ఇద్దరు పేరు పెట్టేసుకున్నారు. నన్ను మీటింగులకి పిలవడం మొదలైంది. వచ్చే నెల దిద్దుదాం, వచ్చే నెల దిద్దుదాం..." ఆయన చెయ్యి గాల్లో ఊపి ఆపేశారు. "అప్పుడు వాణ్ణి అన్నాను. నీ చేతికి శుభ్రం లేదురా, అందుకే రావట్లేదు అని. అందరి ముందూ అన్నాను. వాడు తర్వాతి సోమవారం నుంచి రాలేదు."

సత్యశ్రీ గ్లాసు కింద పెట్టింది.

ఇక్కడ నేను ఒక్క క్షణం ఆగాలి. ఆ మాట ఆమెకు కొత్త కాదు. థీసిస్ మూడో ఏట ఆమె కూడా తన ప్రొటీను మీద ఇదే ప్రయోగం చేసింది. మూడుసార్లు. మూడుసార్లూ పళ్లేలు ఖాళీగా వచ్చాయి. సార్ ఒక్కో పళ్లాన్నీ కిటికీ వెలుతురుకి ఎత్తి చూసి, గొంతు తగ్గించి అన్నారు, "నీ చేతికి శుభ్రం లేదమ్మా." ఆ మాట ఇంకెవరికైనా మామూలు మాట. సత్యశ్రీకి కాదు. గిలకలదిండి రేవులో గంప దించి చేపలమ్మే నాగమల్లేశ్వరి కూతురు. హాస్టల్లో మొదటి ఏడు రూమ్మేటు తన కంచం వేరుగా పెట్టుకుంది, నీ చేతులు నీసు వాసనొస్తాయి అని. అప్పట్నించీ ఆ పిల్ల చేతులు నిమ్మచెక్కతో తోముకుంటూనే ఉంది. సార్ కూడా ఆ మాటే అనేసరికి నమ్మేసింది. గట్టిగా నమ్మింది. ఆ రోజు నోట్‌బుక్ మూసి ట్రంకుపెట్టె అడుక్కి తోసేసి, ఇక పళ్లేలు ముట్టుకోనని చెప్పి కంప్యూటర్ ముందు కూర్చుంది. థీసిస్ అంతా వరుసలు పోల్చడం మీదే ఎందుకు నడిచిందో ఇప్పుడు మీకు తెలిసింది. చెయ్యి పనికిరాదు, కళ్లతోనే బతుకుదామనుకుంది.

"సార్," అంది సత్యశ్రీ. "నన్ను ఆ మాట అన్న రోజు మీకు తెలుసా, అది రాదని?"

"పదకొండుసార్లు రాలేదని తెలుసు."

"మరి నాతో ఎందుకు చేయించారు?"

"నీ చేతిలోనైనా మొలుస్తుందేమోనని. నీది మంచి చెయ్యి. నా దగ్గరకి వచ్చిన వాళ్లందరిలోకీ శుభ్రమైన చెయ్యి నీది. నీకు వస్తే నాది అబద్ధం కాకుండా పోతుందనుకున్నాను."

"నాది శుభ్రమైన చెయ్యా సార్?"

ఆయన తల దించుకున్నారు. ఈ మాట కోసం ఆ పిల్ల నాలుగేళ్లు ఎదురుచూసిందని ఆయనకి తెలియదు. ఇప్పుడు వినడం ఎందుకూ పనికిరాదని ఆమెకు తెలుసు. చెయ్యి మంచిదైతే పళ్లేలు ఖాళీగా రావడం నిజం. పళ్లేలు నిజమైతే థీసిస్ అబద్ధం. ఏ వైపు నుంచి చూసినా అంతే. సత్యశ్రీకి ఏడుపు పొంగుకొచ్చింది, ఆపుకోలేదు కూడా. వెక్కి వెక్కి ఏడ్చింది. లోపల గదిలో రాజ్యలక్ష్మి గారి గాజుల చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగిపోయింది.

కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని అడిగింది. "అక్షరాలు అన్ని కలిసినాయి కదా సార్. మరి అదేంటి?"

"ఏదో ఒక గుమ్మమే అయ్యుంటుంది. ఏ చక్కెరకో, అసలు చక్కెరకేనో కాదో. ఇట్లాంటి వాటికి ఒళ్లంతా ఒకటే పోలిక. ఏది రానివ్వాలో చెప్పేది నాలుగైదు అక్షరాలు, అవి మారితే లోపలికి పోయే సరుకే మారిపోద్ది. అది తేల్చాలంటే రెండేళ్ల పని."

"మనకి పన్నెండు రోజులే ఉన్నాయి సార్."

"తెలుసు."

నిజం రాసి పంపితే థీసిస్ నిలబడదు. కొత్తగా చెయ్యాలంటే గడువు లేదు. నోరు మూసుకుంటే అబద్ధానికి ఎనిమిదో మెట్టు తనే అవుతుంది. రేపు ఇంకెవరో, ఏ దేశంలోనో, తన థీసిస్ చూసి తొమ్మిదో మెట్టు కడతారు. కథ రాస్తున్నవాణ్ణి, ఎక్కడో ఒకచోట సందు చూపించాల్సినవాణ్ణి, నాకూ దారి కనపడలేదు. ఉంటే చెప్పండి, ఆమెకు కబురంపుతాను.

"ఇంకో కాగితం ఉండాలి నీ దగ్గర," అన్నారు సార్ చివరికి. "నా సంతకంతో. ఆరు ఇచ్చాను కదా. దాని మీద నీకు ఏది న్యాయమనిపిస్తే అది రాసి పంపు. నాకు చదివి వినిపించక్కర్లేదు."

సత్యశ్రీ ఆయన వంక చూసింది. ఈ మనిషి కాళ్లకు ఏడేళ్లు దణ్ణం పెట్టింది. బ్యాగులోంచి ఆ ఆరో కాగితం తీసి ఆయన ఒళ్లో పెట్టింది.

"మీరే చెప్పండి సార్, నేను రాస్తాను. విని, కింద మళ్లీ సంతకం పెట్టండి."

"కళ్లు కనపడట్లేదమ్మా."

"ఇన్నాళ్లూ కనపడకుండానే పెట్టారు కదా సార్."

ఆమె జీవితంలో పెద్దవాళ్లతో అట్లా మాట్లాడటం అదే మొదటిసారి. అనేశాక వెనక్కి తీసుకోలేదు. సార్ ఆ కాగితాన్ని చేత్తో తడిమి, నాలుగు మడతలు పెట్టి, జేబులో పెట్టుకున్నారు. సంతకం పెట్టననే కదా అర్థం. పైకి అనలేదు, అంతే తేడా.

అప్పుడు మోగింది ఫోను. రీసెర్చ్ సెక్షన్ సొలొమోను గారు. సార్ వినాలని ఆమె స్పీకరు పెట్టింది.

"మేడమ్ గారూ, శుభవార్తండి. ఎగ్జామినర్ గారు అప్పుడే మెయిల్ ఇచ్చేశారు. ఐదు గంటలు కూడా పట్టలేదు, ఇన్నేళ్ల సర్వీసులో ఇంత స్పీడు నేను చూళ్లేదండి. జవాబు తృప్తిగా ఉందన్నారు. ఇరవై ఎనిమిదిన వైవా పెట్టమన్నారు."

పొద్దున ఈ కబురు వచ్చి ఉంటే సత్యశ్రీ కాలేజీ వరండాలో గంతులేసేది.

"ఆన్‌లైన్‌లో పెడదామన్నానండి, వద్దన్నారు. సొంత ఖర్చు మీద వస్తానన్నారు. పూనా నుంచి. పేరు ఇప్పుడు చెప్పొచ్చండి, రాసుకోండి. డాక్టర్ మణికుమార్. మన బెజవాడ ఆయనేనంట, ఒకప్పుడు మన ల్యాబులోనే చేశారంట. సార్‌కి తెలిసే ఉంటది."

సార్ నల్లద్దాలు తీసేశారు. ఎర్రబడ్డ కళ్లు, నీళ్లు కారుతున్నాయి. ఆపరేషన్ వల్లో మరి దేనివల్లో.

"ఒక్కటే రిక్వెస్టు పెట్టారండి. మీరు జవాబులో రాసిన ఆ 2005 ప్రయోగం, దాని నోట్‌బుక్ వైవా రోజు బల్ల మీద పెట్టమన్నారు. అందరూ చూసేట్టు. సార్ ఓకే అంటే డేటు కన్ఫర్మ్ చేస్తానండి."

"కుదరదని చెప్పమ్మా," సార్ వినపడీ వినపడనట్టు అన్నారు. "ఒంట్లో బాలేదని చెప్పు. వచ్చే నెల చూద్దామను."

వచ్చే నెల ఆయన ఇంట్లో ఉంటాడు, రిటైరై. వచ్చే నెల సత్యశ్రీకి రిజిస్ట్రేషనే ఉండదు. వచ్చే నెల, వచ్చే నెల అంటూ ఇరవై ఏళ్లు నెట్టిన మనిషికి ఆ మాట నోటికి అలవాటైపోయింది. అంతకుమించి ఆయన మనసులో ఇంకేమీ లేదేమో కూడా.

"కుదురుతుందండి," అంది సత్యశ్రీ ఫోనులో. "ఇరవై ఎనిమిదే కన్ఫర్మ్ చెయ్యండి."

"అట్టాగేనండి. ఓపెన్ వైవా కదా, ఎవరైనా రావచ్చు. మీ అమ్మగారిని కూడా తీసుకురండి మేడమ్. ఇంతకాలం కష్టపడి చదివించింది, కళ్లారా చూసుకుంటది."

"అలాగేనండీ."

ఆమె ఫోను పెట్టేసింది. గది తలుపు తీసుకుని రాజ్యలక్ష్మి గారు గుమ్మంలో నిలబడింది. అంతా విన్నట్టుంది, ఎవరి వంకా చూడలేదు.

"నోట్‌బుక్ ఇవ్వండి సార్, మణికుమార్ గారిది," అంది సత్యశ్రీ. "ల్యాబులో ఉందా, ఇక్కడుందా?"

"లేదు."

"లేదంటే?"

"వాడు వెళ్లిపోయిన వారమే తగలబెట్టాను."

వీధిలో ఐసు బండి గంట కొట్టుకుంటూ పోయింది. సత్యశ్రీ లేచి బ్యాగు భుజానికి తగిలించుకుంది. బల్ల మీద పెట్టడానికి ఇక ప్రపంచం మొత్తం మీద ఆ ప్రయోగం రాసిన నోట్‌బుక్ ఒక్కటే మిగిలింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ మొలవలేదు అని తన చేత్తో రాసి, తేదీ వేసి, థీసిస్‌లో ఒక్క ముక్క కూడా రానివ్వకుండా దాచినది. దాన్ని పెట్టిందంటే సార్ పరువొక్కటే కాదు పోయేది. దాచింది తను. అమ్మ ముందు, అందరి ముందు, దాచాను అని చెప్పుకోవాలి.

"అయితే నాది పెడతాను సార్," అంది.

సార్ కుర్చీలోంచి లేవబోయి, చేతికి ఆసరా దొరక్క మళ్లీ కూలబడ్డారు. ఆమె ఆగలేదు, మెట్లు దిగుతూనే అమ్మకి ఫోను చేసింది, ఇరవై ఎనిమిదో తారీఖు రేవుకి పోవద్దని చెప్పడానికి.